పెప్సిన్ కోతకు నిలిచే యాంటీబాడీ

పాముకాటుకు మన ఆసుపత్రుల్లో ఎక్కించే యాంటీవెనమ్ గుర్రాల రక్తం నుంచి వస్తుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీలను వేరుచేసి పెప్సిన్ అనే ఎంజైముతో కోస్తారు. యాంటీబాడీ ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. పెప్సిన్ ఆ వై కింది కాడను తునకలు చేసి, విషాన్ని పట్టుకునే రెండు చేతులను మాత్రం మిగులుస్తుంది. ప్రయోగశాలలో ఈ కోతను ఆల్‌ఫ్రెడ్ నిసొనాఫ్ 1960లో చూపించాడు. అంతకు ఏడాది ముందే ఇంగ్లండులో రాడ్నీ పోర్టర్ బొప్పాయి పాల నుంచి తీసిన పపేన్‌తో యాంటీబాడీని మరోచోట కోశాడు. ఆ ముక్కల ఆధారంగా దాని నిర్మాణం తేల్చినందుకు 1972 నోబెల్‌లో వాటా పొందాడు.

ఈ పెప్సిన్ మన కడుపులోనూ ఊరుతుంది. తిన్న మాంసాన్నీ పప్పునూ ముక్కలు చేసేది అదే. గుర్రపు యాంటీబాడీని కాడ దగ్గర తెగ్గొట్టే ఎంజైము రోజంతా ఊరే చోట, మన సొంత యాంటీబాడీలు ఎలా నిలుస్తాయి? నిలిచి, కడుపు లోపలి పొరను బాక్టీరియా నుంచి ఎలా కాస్తాయి?

రక్తంలో తిరిగే మామూలు రకం, అంటే ఐజీజీ, ఈ పనికి సరిపోదు. శరీరం ఇందుకోసం వేరే రకాన్ని వేరే పద్ధతిలో తయారు చేస్తుంది. దాని పేరు సెక్రటరీ ఐజీఏ. ముడిసరుకు ఒకచోట, ఎంపిక ఇంకోచోట, కూర్పు మరోచోట, ఆఖరి భాగం తగిలేది గుమ్మం దాటేటప్పుడు. ఆ వరసలోనే చెప్పుకుందాం.

పనిచేసే చోటు

కడుపు అంటే యాసిడ్ సంచి అని బళ్లో చదువుకున్నది సగమే నిజం. నడుమ ఖాళీలో పీహెచ్ 1.5 నుంచి 2 దాకా ఉంటుంది, నిజమే. గోడను ఆనుకున్న చోట మాత్రం అది 7కు దగ్గరగా ఉంటుంది. ఈ రెండింటి మధ్యా ఉన్నది పలుచని శ్లేష్మపు పొర. మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే దానికి రెండు మూడు రెట్లు. గోడ పై వరసలోని కణాలు ఒకపక్క ఈ జిగురును, మరోపక్క బైకార్బొనేట్‌ను ఊరిస్తూ ఉంటాయి. పైనుంచి దిగే ఆమ్లాన్ని బైకార్బొనేట్ జిగురులోనే విరిచేస్తుంది. పెప్సిన్‌కు పదును ఆమ్లంలోనే. పీహెచ్ 6 దాటిందంటే అది దాదాపు మొద్దుబారిపోతుంది.

కాబట్టి యాంటీబాడీ పనిచేయాల్సింది ఆమ్లపు మడుగులో కాదు, ఈ జిగురు పొరలో. చిక్కేమిటంటే, ఆ పొర శత్రువుకూ నచ్చిన చోటే.

హెలికోబాక్టర్ పైలోరీ అనే మెలి తిరిగిన బాక్టీరియాను ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ 1979లో రోగుల కడుపు ముక్కల మీద గమనించాడు. బారీ మార్షల్ అతనితో చేరాక, 1982 ఈస్టర్ సెలవుల్లో ఇంక్యుబేటర్‌లో మామూలు కంటే ఎక్కువ రోజులు ఉండిపోయిన ప్లేట్ల మీద అది మొదటిసారి పెరిగింది. అల్సర్‌కు ఇదే కారణమంటే నమ్మినవాళ్లు తక్కువ. 1984లో మార్షల్ దాన్ని తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. అప్పటిదాకా కడుపులో పుండంటే దిగులు, కారం, వేళాపాళా లేని తిండి అనేవాళ్లు. మన ఇళ్లలో ఇప్పటికీ మొదటి సలహా కారం తగ్గించమనే. కారంతో మంట పెరగొచ్చు గానీ పుండు పెట్టేవాటిలో ముందు వరసలో ఉన్నది ఈ బాక్టీరియా, దాని తర్వాత నొప్పి మాత్రలు.

అది ఆమ్లంలో ఎలా బతుకుతుందో తెలిస్తే, యాంటీబాడీ ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. దాని ఒంట్లోని ప్రొటీన్లలో పదో వంతు దాకా యూరియేజ్ అనే ఒకే ఒక్క ఎంజైము. మన జఠరరసంలో ఉండే కొద్దిపాటి యూరియాను అది అమోనియాగా మారుస్తుంది, ఆ అమోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చంపుతుంది. ఆమ్లం తగ్గినచోట జిగురు గడ్డ కూడా పలచబడుతుంది, దారి ఇస్తుంది. తోకల్లాంటి కశాభాలతో బాక్టీరియా ఆ దారిన ఈదుకుంటూ గోడకేసి వెళుతుంది. ఎటు వెళితే ఆమ్లం తక్కువో దానికి తెలుసు. గోడ దగ్గర బాబ్ఏ అనే ప్రొటీన్‌తో కణాల మీది చక్కెర గొలుసులను పట్టుకుంటుంది. పైన యూరియేజ్, వెనక కశాభాలు, ముందు బాబ్ఏ, అది వదిలే వాక్ఏ అనే విషం. యాంటీబాడీకి దొరికే పట్లు ప్రధానంగా ఇవే.

నమూనా అందేది ఎక్కడ?

యాంటీబాడీ తయారీ మొదలు కావాలంటే ముందు శత్రువు ముక్క ఒకటి రోగనిరోధక కణాల చేతికి అందాలి. చిన్నపేగులో ఇందుకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. 1677లో స్విట్జర్లండుకు చెందిన యోహాన్ పేయర్ వర్ణించిన పేయర్స్ ప్యాచ్‌లు అవి. పేగు లోపలి గోడ మీద అక్కడక్కడా ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. వాటి పైకప్పులో ఎం కణాలు అనే పలుచని కణాలుంటాయి. పేగులో పోయేవాటిని కొంచెం కొంచెం లాగి, కింద కాచుకుని ఉన్న డెండ్రిటిక్ కణాలు అనే రోగనిరోధక కణాలకు అందించడమే వాటి పని.

కడుపుకు ఈ సౌకర్యం లేదు. ఆరోగ్యంగా ఉన్న కడుపు గోడలో పేయర్స్ ప్యాచ్ ఒక్కటి కూడా కనిపించదు. ఆమ్లంలో క్రిములు ఎటూ బతకవు, కాపలా ఎందుకు అన్నట్టు వదిలేసిన చోటు అది. పైలోరీ దూరింది ఆ సందులోనే. కాబట్టి కడుపులో జరిగిన చొరబాటు సమాచారం కిందికి, చిన్నపేగుకు చేరి అక్కడ నమోదవుతుంది. ఎలుకల మీద 2007లో ప్రచురించిన ఒక జపాన్ పరిశోధన దీన్ని చక్కగా చూపింది. కడుపులోంచి జారిన పైలోరీ చిన్నపేగులో గుండ్రటి రూపానికి మారుతుందనీ, ఆ రూపంలోనే పేయర్స్ ప్యాచ్‌ల డెండ్రిటిక్ కణాలకు చిక్కుతుందనీ తేల్చారు. పేయర్స్ ప్యాచ్‌లు లేని ఎలుకల్లో కడుపువాపు కూడా రాలేదు. వాపు తెచ్చే సైన్యానికి శిక్షణ ఇచ్చేది పేగులోనే అన్నమాట.

ఎంపిక

నమూనా అందాక జరిగేది ఎంపిక. మన శరీరంలో యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు కోట్ల సంఖ్యలో పుడుతూ ఉంటాయి. పుట్టేటప్పుడే ఒక్కో కణం యాంటీబాడీ జన్యువుల ముక్కలను తనదైన వరసలో అతికించుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. అందుకే పైలోరీని ఎన్నడూ చూడని మనిషి ఒంట్లో కూడా దాని యూరియేజ్‌కు కొంచెమైనా అతుక్కునే బీ కణం ఏదో ఒకటి ఉంటుంది. కొంచెమే.

ఆ కొద్దిపాటి పట్టును గట్టిపట్టుగా మార్చేది జెర్మినల్ సెంటర్ అనే చోటు. అక్కడ బీ కణం గబగబా విభజన చెందుతుంది. చెందుతూ తన యాంటీబాడీ జన్యువులో కావాలని తప్పులు చేస్తుంది. మిగతా శరీరంలో జన్యువుకు తప్పు తగిలితే క్యాన్సర్ భయం. ఇక్కడ తప్పు చేయడానికే ఒక ఎంజైమును పెట్టుకుంది శరీరం. ఎయిడ్ అంటారు, రోగం పేరుతో దానికి సంబంధం లేదు. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1999లో దాన్ని గుర్తించింది. తప్పుల వల్ల పట్టు సడలిన కణాలు చనిపోతాయి. పట్టు బిగిసినవి బతికి మళ్లీ విభజన చెందుతాయి. ఇలా కొన్ని వారాల పాటు సాగుతుంది.

ఇదే ఎయిడ్ ఇంకో పని కూడా చేస్తుంది. యాంటీబాడీ చేతులను అలాగే ఉంచి కాడను మార్చేస్తుంది. బీ కణం మొదట తయారుచేసేది ఐజీఎం. దాని కాడ తీసి ఐజీజీ కాడ పెడితే రక్తానికి, ఐజీఏ కాడ పెడితే కడుపు, పేగు వంటి తడి పొరలకు. పేగు పరిసరాల్లో టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రొటీన్ ఎక్కువ. అది ఐజీఏ వైపు తోస్తుంది. క్యారెట్లలోనూ ఆకుకూరల్లోనూ దొరికే విటమిన్ ఏ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం కూడా ఇక్కడ చేయి వేస్తుంది. అది బీ కణం ఒంటి మీద ఆల్ఫా4 బీటా7 అనే గుర్తును పొడిపిస్తుంది. ఆ గుర్తు ఎందుకో తర్వాతి మజిలీలో తెలుస్తుంది.

ప్రయాణం

ఎంపికైన కణాలు పుట్టినచోట ఉండిపోవు. లింఫ్ నాళాల్లోకి జారి, ఛాతీలోని పెద్ద లింఫ్ నాళం ద్వారా రక్తంలో కలుస్తాయి. రక్తంతోపాటు ఒళ్లంతా తిరుగుతాయి. పేగు, కడుపు గోడల్లోని సన్నటి రక్తనాళాల లోపలివైపు మ్యాడ్‌క్యామ్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆల్ఫా4 బీటా7 గుర్తు ఉన్న కణం దానికి తగిలి ఆగుతుంది, నాళం గోడను దాటి కణజాలంలోకి దిగుతుంది. కడుపు పొర వదిలే సీసీఎల్28 లాంటి రసాయన సంకేతాలు కూడా పిలుస్తాయి. అలా దిగిన కణం పూర్తిస్థాయి ప్లాస్మా కణంగా మారి, ఇక మళ్లీ విభజన చెందదు.

కూర్పు

ప్లాస్మా కణాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే కేంద్రకం ఒక మూలకు నెట్టుకుపోయి ఉంటుంది. మిగతా చోటంతా ప్రొటీన్ తయారీ అరలే. సెకనుకు వేల యాంటీబాడీలు దాని నుంచి బయటికి వస్తాయి. శరీరంలోని ప్లాస్మా కణాల్లో దాదాపు 80 శాతం పేగు గోడల్లోనే ఉన్నాయనీ, రోజుకు 3 నుంచి 5 గ్రాముల ఐజీఏ తడి పొరల మీదికి చేరుతుందనీ లెక్క. మిగతా యాంటీబాడీ రకాలన్నీ కలిపినా రోజువారీ తయారీలో దీనికి సాటిరావు. ఇంత ఖర్చు పెట్టి తడి పొరలను కాస్తోందంటే ముప్పు ఎటునుంచి వస్తుందో శరీరానికి బాగా తెలుసన్నమాట.

ఒక ఐజీఏలో రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు. రక్తంలో తిరిగే ఐజీఏ చాలావరకు ఇలా ఒంటిగానే ఉంటుంది. తడి పొరల కోసం తయారయ్యేది మాత్రం జంటగా బయటికి వస్తుంది. రెండు ఐజీఏల కాడలను జె గొలుసు అనే చిన్న ప్రొటీన్ గంధకపు బంధాలతో ముడివేస్తుంది. దీన్ని 1970లో కనుగొన్నారు. ఈ ముడితో రెండు లాభాలున్నాయి. పట్టుకునే చేతులు రెండు నుంచి నాలుగవుతాయి. ఒకే యాంటీబాడీ రెండు బాక్టీరియాలను కలిపి పట్టగలదు. అసలు లాభం రెండోది. గుమ్మం దాటించే ప్రొటీన్ జె గొలుసును గుర్తుపట్టి మాత్రమే లోపలికి రానిస్తుంది. ఒంటి ఐజీఏకు ఆ దారిలో ప్రవేశం లేదు.

గుమ్మం దాటడం

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. నా మటుకు ఈ తయారీ మొత్తంలో తెలివైన ఘట్టం ఇదే.

జంట ఐజీఏ ఇప్పటికీ గోడ లోపలే ఉంది. శత్రువు గోడకు అవతల, జిగురులో ఉన్నాడు. మధ్యలో ఉన్న కణాల వరసకు సందు ఉండదు. ఉంటే ఆమ్లం ఇటు కారుతుంది. కాబట్టి కణాల మధ్య నుంచి కాకుండా కణం గుండానే వెళ్లాలి. కణం అడుగు వైపు పాలీమెరిక్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ నిలబడి ఉంటుంది. అది జంట ఐజీఏను పట్టుకుంటుంది. పట్టుకున్న చోట కణపొర లోపలికి ముడుచుకుని చిన్న బుడగ అవుతుంది. ఆ బుడగ కణాన్ని అడుగు నుంచి పైదాకా దాటి జిగురు వైపున్న పొరతో కలిసిపోతుంది. నార్వేకు చెందిన పెర్ బ్రాంట్‌జేగ్ ఈ రవాణా తీరును 1974లో ప్రతిపాదించాడు. పదేళ్ల తర్వాత కీత్ మోస్టోవ్, గుంటర్ బ్లోబెల్ బృందం ఆ రిసెప్టర్ జన్యు వరసను చదివింది.

పైకి చేరాక రిసెప్టర్ ఐజీఏను వదిలిపెట్టదు. ఒక ఎంజైము వచ్చి రిసెప్టర్‌నే కోస్తుంది. దాని తోక కణంలో మిగిలిపోతుంది, పైభాగం ఐజీఏకు చుట్టుకుని దానితోపాటే జిగురులోకి వెళ్లిపోతుంది. పెళ్లి భోజనంలో విస్తరిలాగా మనిషికొకటి; కడిగి మళ్లీ వేసేది కాదు. ఒక్కో ఐజీఏ జంటను దాటించడానికి కణం ఒక్కో కొత్త రిసెప్టర్‌ను తయారు చేసుకోవాలి. అంత దుబారా ఎందుకంటే, అలా చుట్టుకున్న ముక్కే ఈ యాంటీబాడీకి కవచం. దానికి సెక్రటరీ కాంపోనెంట్ అని పేరు. థామస్ టొమాసి బృందం 1965లో లాలాజలం, ముర్రుపాలలోని ఐజీఏ రక్తంలోని దాని కంటే భిన్నమని చూపింది ఈ అదనపు ముక్క వల్లే. జీర్ణ ఎంజైములు యాంటీబాడీని కోసే చోట్లు దీని కింద కప్పబడిపోతాయి. దాని మీద దట్టంగా ఉన్న చక్కెర గొలుసులు శ్లేష్మానికి అంటుకుని యాంటీబాడీని కొట్టుకుపోనివ్వవు. 2020లో అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన చిత్రాల్లో దీని అసలు ఆకారం కనిపించింది. జంట తిన్నగా కాకుండా కొంచెం వంగి ఉంటుంది, సెక్రటరీ కాంపోనెంట్ ఒక పక్కన ఆనుకుని ఉంటుంది.

అలా మొదలుపెట్టిన ప్రశ్నకు జవాబు దొరికింది. పెప్సిన్ మొద్దుబారే చోట ఉండటం ఒకటి, కోతకు గురయ్యే చోట్లను కప్పుకోవడం ఇంకోటి. ఐజీజీకి ఈ రెండో రక్షణ లేదు. వాపు వచ్చి గోడ కారినప్పుడు ఐజీజీ కూడా కడుపులోకి వస్తుంది గానీ ఎక్కువసేపు నిలవదు.

జిగురులో చేసే పని

సెక్రటరీ ఐజీఏ బాక్టీరియాను చంపదు. యాంటీబాడీ అనగానే యుద్ధం, సంహారం అనే మాటలు వాడేస్తాం గానీ ఇక్కడ జరిగేది చాలావరకు అడ్డుకోవడమే. నాలుగు చేతులతో రెండు మూడు బాక్టీరియాలను కలిపి ముద్ద చేస్తుంది. ముద్ద ఈదలేదు. కశాభాలకు అతుక్కుంటే ఒంటి బాక్టీరియా కూడా సరిగా ఈదలేదు. బాబ్ఏ మీద కూర్చుంటే గోడను పట్టుకోనివ్వదు, వాక్ఏ విషాన్ని పట్టుకుంటే కణాల మీద దాని పని సాగదు. ఈలోగా జిగురు పొర పైనుంచి అరుగుతూ, కింది నుంచి కొత్తది ఊరుతూ ఉంటుంది. జిగురులో చిక్కినవి దానితోపాటే ఆమ్లంలోకి, అక్కడి నుంచి పేగులోకి వెళ్లిపోతాయి. ఎలుకల పేగులో సాల్మొనెల్లా మీద జరిపి 2017లో ప్రచురించిన ఒక పరిశోధన ఇంకో తీరును కూడా చూపింది. ఐజీఏ అతుక్కున్న బాక్టీరియా రెండుగా చీలినా పిల్లలు విడిపోలేవు. గొలుసుకట్టుగా, ఒకే వంశానివిగా పోగై బయటికి పోతాయి.

చంపకపోవడంలో గడుసుదనం ఉంది. ఐజీజీ అతుక్కుంటే కాంప్లిమెంట్ అనే రక్తపు ప్రొటీన్లు కదులుతాయి, తెల్ల రక్తకణాలు వచ్చి పడతాయి, వాపు మొదలవుతుంది. ఆ వాపే కడుపు గోడకు గాయం. ఐజీఏ అంత గోల చేయదు.

అయినా పైలోరీ పోదు

ఇంత పకడ్బందీ సరుకు ఉండి కూడా పైలోరీ సోకినవాళ్లలో అత్యధికులకు అది మందులు వాడేదాకా జీవితాంతం ఉండిపోతుంది. ఈ నిజాన్ని దాటవేసి యాంటీబాడీ గొప్పలు చెప్పడం నాకు నచ్చదు.

కారణం ఒకటి కాదు. అసలు యూరియేజ్‌లో ఎక్కువభాగం బాక్టీరియా ఒంటి లోపలే ఉంటుంది. అక్కడికి యాంటీబాడీ చేరదు. కశాభాలకు పొర తొడుగు ఉంది. బాక్టీరియా పైపూతలోని చక్కెరలు మన కడుపు కణాల మీది చక్కెరలను పోలి ఉంటాయి, పరాయిదని గుర్తుపట్టడం కష్టం. పట్టుకునే బాబ్ఏ జన్యువును అది మార్చుకోగలదు, ఆపుకోగలదు కూడా. కొన్ని బాక్టీరియాలు కడుపు గోడలోని గ్రంథుల లోతుల్లోకి దిగి దాక్కుంటాయి.

రవాణాలోనూ లోటుంది. పైలోరీ వాపు వచ్చిన కడుపు గోడలో ప్లాస్మా కణాలు గుంపులుగా చేరతాయి, కానీ గుమ్మం దాటించడం పేగులో సాగినంత సాఫీగా సాగదు. సోకినవాళ్ల జఠరరసంలో పైలోరీకి వ్యతిరేకమైన సెక్రటరీ ఐజీఏ ఉండాల్సినంత లేదని 1998లో జర్మన్ వైద్యులు రాశారు. సరుకు గోదాములో పేరుకుంది, అంగడికి రాలేదు.

ఇంకా ఇబ్బందిపెట్టే సాక్ష్యాలున్నాయి. పుట్టుకతో ఐజీఏ తయారుకాని మనుషులుంటారు. వాళ్లలో పైలోరీ ఇతరుల కంటే ఎక్కువగా లేదని 1996లో ఒక అధ్యయనం చూపింది. అదే రిసెప్టర్ ఐజీఎంను కూడా దాటిస్తుంది కాబట్టి ఆ లోటును ఐజీఎం కొంత పూడుస్తుందనుకోవచ్చు. కానీ 1998లో ఇంకో ప్రయోగం వచ్చింది. బీ కణాలే లేని, అంటే ఏ యాంటీబాడీ తయారుకాని ఎలుకలకు యూరియేజ్ టీకా ఇస్తే అవి కూడా రక్షణ పొందాయి. రోగనిరోధక వ్యవస్థలోని మరో రకమైన టీ కణాలే ఆ పని చేశాయి. ఇవన్నీ చూస్తే పైలోరీ మీద పోరులో యాంటీబాడీది ముఖ్యపాత్ర కాదు.

మరి దాని పాత్ర ఎక్కడ? శత్రువు కంటే ముందే జిగురులో ఉన్నప్పుడు.

ముందే ఉంటే

1993లో లాన్సెట్ పత్రికలో గాంబియా పసిపిల్లల మీద ఒక పరిశోధన వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ దేశంలో పైలోరీ పసితనంలోనే సోకుతుంది. తల్లిపాలలో పైలోరీకి వ్యతిరేకమైన ఐజీఏ ఎక్కువగా ఉన్న పిల్లలకు అది ఆలస్యంగా సోకింది. ఇక్కడ యాంటీబాడీ బిడ్డ తయారుచేసింది కాదు. తల్లి పేగులో ఎంపికైన బీ కణాలే రక్తంలో ప్రయాణించి ఆమె రొమ్ముకు చేరతాయి, అవి తయారుచేసే ఐజీఏ అక్కడి కణాల గుండా అదే రిసెప్టర్ దారిన పాలలోకి వస్తుంది. అంటే తల్లి ఒంట్లో ఏ క్రిములు తిరుగుతున్నాయో వాటికి తగిన సరుకే బిడ్డ కడుపుకు అందుతుంది. పాలు తాగిన పసికందు కడుపులో ఆమ్లం కూడా పెద్దవాళ్లకున్నంత తీవ్రంగా ఉండదు కాబట్టి ఆ యాంటీబాడీలు బాగా నిలుస్తాయి. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలలో ఐజీఏ అన్నిటికంటే ఎక్కువ. వాటిని పిండి పారబోసి బిడ్డకు తేనె నాకించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని సమర్థించే మాట నాకు ఒక్కటీ దొరకలేదు.

మన దేశంలో కూడా పైలోరీ ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది. కాబట్టి ముందే కాపలా పెట్టాలంటే పిల్లలకే పెట్టాలి. చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో ఆ ప్రయత్నం జరిగింది. పైలోరీ యూరియేజ్‌లోని ఒక భాగాన్ని మరో బాక్టీరియా విషంలోని ప్రమాదం లేని భాగంతో జోడించి, నోటి ద్వారా ఇచ్చే టీకా తయారుచేశారు. 6 నుంచి 15 ఏళ్లలోపు, పైలోరీ ఇంకా సోకని 4,464 మంది పిల్లల్లో సగం మందికి రెండేసి వారాల తేడాతో మూడు మోతాదులు ఇచ్చారు. 2015లో ఫలితం వచ్చింది. మొదటి ఏడాది రక్షణ 71.8 శాతం. పిల్లల లాలాజలంలో ఐజీఏ, రక్తంలో ఐజీజీ పెరిగాయి. తర్వాతి ఏళ్లలో రక్షణ తగ్గింది. ఎంతవరకు యాంటీబాడీ వల్ల, ఎంతవరకు టీ కణాల వల్ల అన్నది ఈ అంకెలతో తేలదు. నోటి దారిన ఇవ్వడంలోని లెక్క మాత్రం తేలికే. పేయర్స్ ప్యాచ్‌లకు నమూనా అందాలంటే అదే తిన్నని దారి.

జపాన్ వాళ్లు ఇంకో అడ్డదారి తొక్కారు. కోళ్లకు పైలోరీ యూరియేజ్‌ను ఎక్కిస్తే, కోడి ఆ యాంటీబాడీలను గుడ్డు సొనలో దాస్తుంది. సొన నుంచి తీసిన వాటిని పెరుగులో కలిపి మనుషులకు ఇచ్చి చూశారు. ఊపిరిలో పైలోరీ జాడ కొలిచే యూరియా బ్రెత్ టెస్ట్ అంకెలు తగ్గాయి, అంటే బాక్టీరియా సంఖ్య తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. ఆ పెరుగు దుకాణాల్లోకి కూడా వచ్చింది. కవచం లేని యాంటీబాడీ, అదీ బయటి నుంచి వచ్చి ఇప్పటికే కాపురం ఉన్న శత్రువు మీద పడితే, అంతకంటే ఎక్కువ ఆశించడం అత్యాశే.

ల్యాబ్ కాగితం గురించి ఒక మాట

గ్యాస్ట్రిక్ సమస్య అని వెళితే కొన్నిచోట్ల రక్తం తీసి హెచ్. పైలోరీ ఐజీజీ చూస్తారు. పాజిటివ్ అని వస్తే ఒకరు యాంటీబాడీలు ఉన్నాయి కదా, రక్షణ ఉందనుకుంటారు. ఇంకొకరు బాక్టీరియా ఉందని బెంగపడతారు. రెంటికీ ఆ కాగితం జవాబు చెప్పలేదు. అది రక్తంలోని ఐజీజీని కొలుస్తుంది, జిగురులోని ఐజీఏను కాదు. మందులతో బాక్టీరియా పోయాక కూడా ఆ ఐజీజీ నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి కనిపిస్తుంది. అందుకే కోర్సు ముగిశాక బాక్టీరియా పోయిందో లేదో చూడటానికి బ్రెత్ టెస్ట్‌నో, మలంలో పైలోరీ యాంటిజెన్ పరీక్షనో వైద్యులు రాస్తారు. యాంటీబయాటిక్ ఆపి కనీసం 4 వారాలు, పాంటాప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపి 2 వారాలు అయ్యాకే ఆ పరీక్షలు నమ్మదగినవి. అంతకు ముందు చేయిస్తే బాక్టీరియా ఉండి కూడా లేదని రావచ్చు.